టెంక తీసే చెయ్యి

ఎర్రబండపల్లి, కృష్ణగిరి దగ్గర
12 జూన్ 1984

మా ఆడబిడ్డ నాగక్కకు వదిన సుబ్బక్క రాసేది.

కెంపి తప్ప ఇంట్లో అందరం బాగున్నాం. ఎర్రావుకు ఏమైందోనని నువ్వు ఉత్తరం చివరిదాకా వెతుక్కుంటావని ముందే రాసేశాను. నిన్నటి నుంచి అది మేత ముట్టడం లేదు. నోట్లోంచి చొంగ తీగలు తీగలుగా కారుతోంది. అరిస్తే గొంతు బొంగురుగా వస్తోంది. తొట్టి దగ్గరకు పోయి మూతి ముంచుతుంది, మింగలేక వెనక్కు లాక్కుంటుంది. మామిడి కాలంలో చొంగ కార్చే ఆవును చూపించి మన ఊళ్ళో ఏ చిన్నపిల్లను అడిగినా చెబుతుంది, గొంతులో టెంక పడిందని. మామిడి రసం ఫ్యాక్టరీ వాళ్ళు తొక్కలూ టెంకలూ బండ్లకొద్దీ గట్టు పక్కన పోస్తున్నారు. ఊరి గొడ్లన్నీ పొద్దస్తమానం అక్కడే.

మీ అన్న దాసప్ప దాని నోట్లో మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికాడు. ఏమీ తగల్లేదు. ఇంకా లోపలికి జారిందేమోనని అత్త వాము నీళ్ళు పోసింది, అదీ బయటికే వచ్చింది. నువ్వు బెంగళూరులో పశువుల జబ్బులు చూసే ల్యాబ్‌లోనే కదా పని చేసేది! మీ డాక్టర్లను అడిగి ఏదైనా మందుంటే పంపు. పోస్టులో వేస్తే ఎప్పటికి చేరుతుందో అని ఇది కండక్టరు వీరాస్వామి చేతికిస్తున్నాను. సాయంత్రం నువ్వు బెంగళూరు నుంచి దిగేసరికి హోసూరు బస్టాండులో నీకు అందిస్తానన్నాడు.

ఆడబిడ్డ అర్ధమొగుడు అన్నారు. మా అర్ధమొగుడు హోసూరులో గది తీసుకుని కూర్చుంటే ఇక్కడ నన్ను సాధించేదెవరు? నాకు ఐదో నెల నడుస్తోంది. ఈసారి నిలుస్తుందని అత్త ధైర్యం. మూడుసార్లు పోగొట్టుకున్నదాన్ని, నేను మాత్రం నోరెత్తను.

సుబ్బక్క


హోసూరు
13 జూన్ 1984

వదినకు,

ఈ ఉత్తరం అందగానే కెంపిని దూరంగా కట్టేయించు. ఎవరూ దాని మూతి దగ్గరకు పోవద్దు.

శివరాత్రి తర్వాత ఫ్యాక్టరీ దగ్గర తిరిగే కుక్క ఒకటి కెంపి మూతి మీద గీరిందని నువ్వే రాశావు, గుర్తుందా? అది పిచ్చికుక్క అయితే ఇది టెంక కాదు వదినా. పిచ్చి పట్టిన ఆవు కూడా అచ్చం ఇలాగే చొంగ కారుస్తుంది, ఇలాగే మింగలేకపోతుంది. ఆ చొంగలోనే రోగం ఉంటుంది. చేతి మీద చిన్న గాయం ఉన్నా చాలు, లోపలికి పోతుంది. మనిషికి ఒకసారి పైకి తేలిందా, ఇక మందు లేదు. తేలకముందే బొడ్డు చుట్టూ సూదులు వేయించుకోవాలి.

అన్నను సబ్బుతో చేతులు బాగా కడుక్కుని వెంటనే కృష్ణగిరి ఆసుపత్రికి పొమ్మను. కెంపి బతకదు. చచ్చిపోయాక పశువుల డాక్టరు చేత మెదడు తీయించి, మూత ఉన్న డబ్బాలో పెట్టి, చుట్టూ ఐసు, రంపపు పొట్టు వేసి పంపండి. ఐసు బస్టాండులో సోడా కొట్టు వాడి దగ్గర దొరుకుతుంది. మెదడు చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

ఇంట్లో ఇంకెవరైనా చెయ్యి పెట్టారా? దాచకుండా రాయి.

నాగక్క


ఎర్రబండపల్లి
15 జూన్ 1984

నాగక్కకు,

కెంపి నిన్న మధ్యాహ్నం పోయింది. అత్తకు కూడు సయించడం లేదు.

పశువుల డాక్టరు సెలవులో ఉన్నాడట. కాంపౌండరు మునివెంకటప్ప వచ్చాడు. మంచి మనిషి, ముక్కుకు గుడ్డ కట్టుకుని ఒక్కడే అంతా చేశాడు. నీ ఉత్తరం చదివి వినిపించాను. దానికి ఆయన, "ఐసు సూళగిరి దాటే లోపలే కరిగిపోతాదమ్మా, మెదడు కుళ్ళిపోతే మనం పడిన కష్టమంతా గంగపాలు" అన్నాడు. ఇన్నేళ్ళుగా ఏ ముక్క పంపినా తాను పంపే పద్ధతి అదేనని సీసాలో ఫార్మలిన్ పోసి, అందులో వేసి, పైన ఐసు కూడా పెట్టాడు. రెండు విధాలా భద్రం. మీ అన్నే స్వయంగా తెస్తున్నాడు.

ఆ ల్యాబ్‌లో మెదడును ఏం చేస్తారు? దాన్ని చూసి రోగం ఉందో లేదో ఎలా చెబుతారు? నాకర్థమయ్యేటట్టు రాయి. ఏమీ లేదని తేలితే సూదులు అక్కర్లేదు కదా?

ఇంకెవరూ చెయ్యి పెట్టలేదు.

సుబ్బక్క


హోసూరు
18 జూన్ 1984

వదినకు,

సీసా మూత తీయగానే ఫార్మలిన్ వాసన గుప్పుమంది. మా డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

నువ్వు అడిగావు కాబట్టి చెబుతాను. పిచ్చి రోగం తెచ్చే క్రిమిలో ఒక ప్రొటీన్ ఉంటుంది. ఆ ఒక్క ప్రొటీన్‌నే పట్టుకునే యాంటీబాడీలను తయారుచేసి, వాటికి వెలిగే రంగు తగిలిస్తారు. మేము మెదడు ముక్కను గాజు పలక మీద అద్ది, ఆ యాంటీబాడీ చుక్క వేసి, కాసేపు వెచ్చగా ఉంచి కడుగుతాం. రోగం ఉంటే యాంటీబాడీ దాన్ని పట్టుకుని కడిగినా పోదు. చీకటి గదిలో మైక్రోస్కోపు కింద అది ఉన్నచోటల్లా పచ్చగా వెలుగుతుంది. రోగం లేకపోతే కడిగిన నీళ్ళతో పోతుంది, అంతా నల్లగా ఉంటుంది. మన మందలో తల్లిగొర్రె ఎన్ని పిల్లలున్నా వాసన చూసి తన పిల్లనే పొదుగు దగ్గరకు రానిస్తుంది కదా, ఇదీ అంతే.

కెంపి మెదడు వెలగలేదు.

సంతోషపడకు. ఫార్మలిన్ మాంసం కుళ్ళకుండా కాపాడుతుంది కానీ ప్రొటీన్లను బిగదీసి కట్టేస్తుంది. పిల్ల అక్కడే ఉన్నా తల్లికి వాసన తగలదు. కాబట్టి వెలగలేదంటే రోగం లేదని కాదు, తెలియలేదని మాత్రమే. వట్టి ఐసులో వచ్చి ఉంటే ఆ రోజే చెప్పేదాన్ని. మునివెంకటప్పను ఏమీ అనకండి, ఆయన మేలే తలపెట్టాడు.

కాచిన పాలు తాగినవాళ్ళకు భయం లేదు. నోట్లో చెయ్యి పెట్టిన వాళ్ళు మాత్రం సూదులు మానకూడదు. అన్న ఇక్కడికి వచ్చినప్పుడు మొదటి సూది అయిందన్నాడు. మళ్ళీ అడుగుతున్నాను, ఇంకెవరైనా ఉన్నారా?

నాగక్క


ఎర్రబండపల్లి
21 జూన్ 1984

నాగక్కకు,

ఎన్నిసార్లు అడుగుతావు? చదువుకున్నవాళ్ళకు అనుమానం ఒక పాలు ఎక్కువే ఉంటుంది కాబోలు. తల్లి పిల్లను పోల్చుకోలేదంటే అక్కడ దాని పిల్ల లేదనే కదా! నేను గొర్రెల ఇంట్లో పుట్టినదాన్ని, నాకా చెబుతావు?

మీ అన్న రోజూ పొద్దున బస్సెక్కి పోయి పొడిపించుకుని వస్తున్నాడు. కడుపంతా గట్టిపడింది, పంచె బిగించి కట్టుకోలేకపోతున్నాడు. కెంపి కూతురు చుక్కిని పక్కింటి వాళ్ళ కొట్టంలో కట్టాం. వానలు రాలేదు, రాగి చల్లలేదు. ఇంకేమీ విశేషాలు లేవు.

నా ఒళ్ళు బాగుంది. బిడ్డ కదులుతోంది. ఇంతవరకు ఏ బిడ్డా నాకు ఇలా కదలికలు చూపించలేదు. ఇక కెంపి మాట ఎత్తకు.

సుబ్బక్క


హోసూరు
23 జూన్ 1984

వదినా,

ఆ చెయ్యి నీదే.

అన్న సీసా తెచ్చిన రోజు బల్ల ముందు కూర్చుని, ఎంత లోపలికి పెట్టావని అడిగితే మోచేతి దాకా అని చూపించాడు. ఆ చేతికి దేవుడి వెండి కడియం ఉంది. వేయించుకున్నప్పటి నుంచి అది ఊడలేదు, ఇక ఊడదు కూడా. ఆ కడియంతో ఆవు నోట్లో మణికట్టు కూడా దూరదు. అసలు మన ఇంట్లో టెంక తీసింది ఎప్పుడైనా మగవాళ్ళా? సన్నచేతుల పని అని నా చిన్నప్పుడు నాచేత తీయించారు. నువ్వు కాపురానికి వచ్చిన ఏడాదే అమ్మ నీ చేతివేళ్ళు చూసి, "ఇవి టెంక తీసే సేతులు" అని మురిసిపోయింది. నేను అక్కడే ఉన్నాను. అన్న దవడలు పట్టుకుని ఉంటాడు, చెయ్యి పెట్టింది నువ్వే.

నాకు చాలా కోపంగా ఉంది. ఇన్ని రోజులు ఉత్తి పుణ్యానికి పోయాయి. ఆ రోజు నీ చేతి మీద ఏమైనా గాయం ఉందా? అది చెప్పు చాలు.

నాగక్క


ఎర్రబండపల్లి
26 జూన్ 1984

నాగా,

ఉంది. ముందురోజు గడ్డి కోస్తుంటే కొడవలి చూపుడు వేలికి తగిలింది. ఇప్పుడు మానిపోయింది. ఆ చోటు రోజూ చూసుకుంటున్నాను. అత్తకు గాయం సంగతి తెలియదు, మీ అన్నకు తెలుసు. ఐదో నెలలో ఆవు నోట్లో చెయ్యి పెట్టానంటే నువ్వు తిడతావని మొదటి ఉత్తరంలో మీ అన్న పేరు రాశాను.

నీకెలా చెప్పను? మూడు కడుపులు పోయాయి. ఒకటి బండి కుదుపుకు పోయిందన్నారు, ఒకటి బరువెత్తితే పోయిందన్నారు, ఒకదానికి ఏ కారణమూ దొరకలేదు. ఇప్పుడు ఐదు నెలలు మోసి, పచ్చి కడుపు మీద పద్నాలుగు సూదులు పొడిపించుకోమంటావా? పొడిపించుకుని బిడ్డ పోతే, ఆ తర్వాత రోగమే లేదని మీ గాజు పలక చెబితే, అప్పుడు నేనెవరిని అడగాలి? నేను పోతే పోతాను. బిడ్డను నా చేతులతో పోగొట్టుకోను.

మొదటి రోజే మీ అన్నతో చెప్పేశాను, సూదులకు రానని. ఆయన అన్నాడు, "నువ్వు ఒద్దంటే నేను పొడిపించుకుంటాను. అడిగేవాళ్ళకు సూపించేదానికి ఒక కడుపు ఉండల్ల కదా." అప్పటినుంచీ రోజూ పోయి వస్తున్నాడు. నేను ఏడవలేదు, నవ్వనూ లేదు.

నీ పలక ఖాయంగా వెలిగితే అప్పుడు పోతాను. వెలగనిదే పోను. ఏదో ఒకటి తేల్చి రాయి.

సుబ్బక్క


హోసూరు
28 జూన్ 1984

వదినా,

డాక్టరమ్మకు అంతా చెప్పాను. ఫార్మలిన్ కట్టేసిన ప్రొటీన్లను విప్పే దారి ఒకటి ఈ మధ్య పత్రికల్లో వచ్చిందట. మెదడును మైనంలో బిగించి ఉల్లిపొర కంటే పలచగా కోసి, అరిగించే రసం ఒకటి దాని మీద పోసి, కొంచెం సడలించి, ఆ తర్వాత యాంటీబాడీ వేయాలి. రసం ఎక్కువైతే ముక్కే కరిగిపోతుంది, తక్కువైతే విప్పుకోదు. మేమెవ్వరమూ ఇంతవరకు చేయలేదు. రెండు పలకలు అప్పుడే కరిగిపోయాయి. ఎప్పటికి తేలుతుందో చెప్పలేను, తేలుతుందో లేదో కూడా తెలియదు.

ఇది రాసేముందు ఇంకో కాగితం తీసుకుని, 'వెలిగింది, వెంటనే పో' అని రాశాను. అది చదివితే నువ్వు పోతావని నాకు తెలుసు. చించేశాను. ఎందుకంటే రేపు ఇంకేదైనా వస్తే నువ్వు నా మాట నమ్మాలి. మన మధ్య అబద్ధాలు ఇప్పటికే చాలినన్ని అయ్యాయి.

ఉన్నది ఉన్నట్టు చెబుతాను, విను. సూది చర్మం కిందికే పోతుంది, బిడ్డ ఉన్న దాకా పోదు. ఆ మందుతో ఎక్కడో ఒకరికి కాళ్ళు చచ్చుబడటం నిజమే, నీకు అలా కాదని ప్రమాణం చేయలేను. కానీ రోగం పైకి తేలితే నువ్వూ ఉండవు, నీ కడుపులో బిడ్డా ఉండదు. బిడ్డను వేరుగా బతికించే దారి ఏదీ లేదు వదినా. నాకు నువ్వు కావాలి. నాకు ఇంకో వదిన వద్దు.

నాగక్క


ఎర్రబండపల్లి
1 జూలై 1984

నాగక్కకు,

మొన్న నీ ఉత్తరం వచ్చింది. రెండుసార్లు చదివాను. నువ్వు చించేసిన కాగితం సంగతి దగ్గర ఆగిపోయాను. మన ఇంట్లో అందరం ఒకరి మంచికి ఒకరం అబద్ధం చెప్పుకుంటూ ఉన్నాం. నువ్వొక్కదానివే చెప్పలేదు.

హోసూరు వచ్చినప్పుడు తప్పిన సూదులు ఇంకా మిగిలినందున నిన్న పొద్దున మీ అన్న బస్సుకు బయలుదేరుతుంటే నేనూ చీర మార్చుకుని వెనకే నడిచాను. ఆయన తిరిగి చూడలేదు, నడక మాత్రం తగ్గించాడు. ఆసుపత్రిలో నర్సమ్మ నన్ను చూసి అరవంలో, మొగుడికి తోడొచ్చావా అని అడిగింది. "లేదక్కా, ఆవు నోట్లో సెయ్యి పెట్టింది నేను" అన్నాను. ఆమె ఆయన వైపు తిరిగి, మరి నీకెందుకయ్యా ఇన్నాళ్ళూ పొడిచాను అని గదిమింది. దవడలు పట్టుకున్నది నేనే, నాకూ చొంగ పడింది అన్నాడు మీ అన్న. ఇప్పుడు ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చుంటున్నాం. జనం చూసి నవ్వుతున్నారు, నవ్వనీ.

సూది మంటగా ఉంది. పొడిచిన చోట శనగగింజంత గడ్డలు లేస్తున్నాయి. బిడ్డ కదిలిందా లేదా అని గంటకోసారి చెయ్యి వేసి చూసుకుంటున్నాను. అత్తకు చెప్పేశాను. తిడుతుందనుకున్నాను, దేవుడికి ముడుపు కట్టింది.

సుబ్బక్క


హోసూరు
6 జూలై 1984

వదినా,

వెలిగింది.

నిన్న డాక్టరమ్మ నన్ను చీకటి గదిలోకి పిలిచింది. ముందు ఏమీ కనిపించలేదు. కళ్ళు అలవాటు పడ్డాక నలుపులో పచ్చటి చుక్కలు కనిపించాయి, ఒక్కొక్కటి జొన్నగింజలా గుండ్రంగా. ఆరోగ్యంగా ఉన్న ఆవు మెదడును పక్కన పెట్టి అదే మందు వేసి చూశాం, నల్లగానే ఉంది. అనుమానం లేదు. తల్లి పిల్లను పోల్చుకుంది. డాక్టరమ్మ సంతోషంగా భుజం తట్టింది. ఇది ఇక్కడ మొదటిసారి కుదిరింది మరి. నేను బయటికి వచ్చి కుళాయి దగ్గర చాలాసేపు నిలబడ్డాను.

వదినా, ఇది తేలేదాకా నువ్వు ఆగి ఉంటే ఏమయ్యేదో నేను ఆలోచించదలచుకోలేదు. ఒక్క సూది కూడా మానకు. సూదులు అయ్యాక కూడా కొన్ని నెలలు జాగ్రత్తగా చూసుకోవాలి. వేలి దగ్గర తిమ్మిరి గానీ, నీళ్ళు మింగడానికి కష్టం గానీ ఉంటే వెంటనే కబురు చెయ్యి.

నాగక్క


ఎర్రబండపల్లి
19 ఆగస్టు 1984

నాగా,

నీళ్ళు మింగడానికి కష్టం అని నువ్వు ఎందుకు రాశావో కానీ, ఇంట్లో నేను లోటా ఎత్తితే చాలు, అందరూ చేస్తున్న పని ఆపేస్తున్నారు. అత్త రాగి విసరడం ఆపుతుంది. మీ అన్న మాట మధ్యలో ఆగిపోతాడు. నేను తాగి లోటా బోర్లిస్తే అప్పుడు ఇల్లు మళ్ళీ కదులుతుంది.

పోయిన వారం వానలో తడిశాను. మరునాడు లేచేసరికి గొంతు పట్టేసింది. ఉమ్మి మింగితే ముల్లు గుచ్చినట్టుంది. ఎవరికీ చెప్పలేదు. దొడ్లోకి పోయి ఒక్కదాన్నే లోటా ఎత్తాను, నీళ్ళు మీద ఒలికాయి. తిరిగి చూస్తే మీ అన్న వెనకే ఉన్నాడు. నా ముఖం చూసి ఆయనకు అర్థమైపోయింది. లోటా తీసుకుని నింపి, నా నోటికి పట్టించాడు. నొప్పి పుట్టింది. తాగాను. ఇంకోటి నింపాడు. అదీ తాగాను. ఇద్దరం ఆ బురదలోనే కూర్చుండిపోయాం. రెండు రోజుల్లో జలుబు దిగింది. వట్టి జలుబే.

నాకు చావంటే ఇంత భయమని నాకే తెలియదు. ముందొక ఉత్తరంలో పోతే పోతానని ఎంత ధైర్యంగా రాశాను చూడు.

సుబ్బక్క


హోసూరు
30 అక్టోబరు 1984

వదినకు, మేనకోడలికి,

ఆడపిల్ల పుట్టిందని వీరాస్వామి బస్సు ఆగకముందే కిటికీలోంచి అరిచి చెప్పాడు. బస్టాండంతా విన్నది. ఆదివారం వస్తున్నాను. ఈలోపల రెండు పొట్లాలు పంపుతున్నాను. ఒకదాంట్లో బిడ్డకు ఉన్ని టోపీ ఉంది. రెండోదాంట్లో భుజం దాకా వచ్చే రబ్బరు చేతొడుగులు ఉన్నాయి. పురిటింటికి ఎవరైనా ఇవి పంపుతారా అని అమ్మ తిడుతుంది, తిట్టనీ. కొట్టంలో మేకుకు తగిలించు.

నాగక్క


ఎర్రబండపల్లి
9 జూన్ 1985

నాగక్కకు,

నీ మేనకోడలికి పళ్ళు వస్తున్నాయి, కనిపించిందల్లా కొరుకుతోంది. ఆ సంగతులన్నీ తర్వాత. ముందు నిన్న జరిగింది రాయాలి.

నిన్న పొద్దున గొడ్లు ఫ్యాక్టరీ గట్టు నుంచి తిరిగొచ్చాయి. చుక్కి వాకిట్లో నిలబడి మెడ చాచింది. నోట్లోంచి చొంగ కారింది, తీగలు తీగలుగా. తొట్టి దగ్గరకు పోయి మూతి ముంచి వెనక్కు లాక్కుంది. అత్త బిడ్డను ఎత్తుకుని లోపలికి పోయి తలుపు వేసుకుంది. చుట్టుపక్కల ఆడవాళ్ళంతా వచ్చి చేరారు. అందరూ నా చెయ్యి వైపే చూస్తున్నారు.

మీ అన్న వద్దన్నాడు. చుక్కి ఎడమ పక్క పొట్ట అప్పుడే ఉబ్బుతోంది. మధ్యాహ్నం దాకా ఆగితే ఊపిరాడక పోతుంది. అది టెంకే అయితే చేతులారా చంపుకున్నట్టు. కాకపోతే, నాగా, కెంపి కూడా ఇలాగే నిలబడింది.

నేను కొట్టంలోకి పోయి మేకు మీది చేతొడుగు తీసుకున్నాను. చిరుగు ఉందేమోనని నీళ్ళు పోసి చూసి, భుజం దాకా లాక్కున్నాను. "పట్టుకో" అన్నాను మీ అన్నతో. ఆయన చేతులకు గోనెగుడ్డ చుట్టుకుని దవడలు తెరిచి పట్టాడు. నాలుక జారుతోంది. రబ్బరు మీదుగా ఏమీ తెలియడం లేదు. వెచ్చదనం ఒక్కటే తెలుస్తోంది. ఇంకా లోపలికి పోయాను. ఏమీ లేదు. ఆ క్షణంలో నీ పచ్చటి చుక్కలు గుర్తొచ్చాయి. ఇంకొంచెం ముందుకు తోసేసరికి వేలి చివరకు గట్టిగా ఏదో తగిలింది.

లాగాను. బెంగుళూరా మామిడికాయ టెంక, పీచంతా చొంగతో. ఒట్టి టెంక. దాన్ని పట్టుకుని పేడలోనే కూర్చుని, ఊరంతా చూస్తుండగా గొంతెత్తి ఏడ్చాను. కెంపి పోయినప్పుడు ఏడవలేదు, సూదులప్పుడు ఏడవలేదు. అన్నీ కలిపి నిన్న ఏడ్చాను.

చుక్కి నన్ను దాటుకుని తొట్టి దగ్గరకు పోయింది. మూతి ముంచింది. తాగడం మొదలుపెట్టింది. అత్త తలుపు తీసి బిడ్డతో గడపలోకి వచ్చి నిలబడింది. తొట్టి ఖాళీ అయ్యేదాకా మాలో ఎవరూ కదల్లేదు.

సుబ్బక్క